పచ్చోడి పెళ్లి చూసిన శుక్రవారం

హల్క్ అనగానే ఇప్పటి పిల్లలకు కంప్యూటర్‌లో పుట్టిన పచ్చకొండ గుర్తొస్తుంది. మేడల మీద నుంచి మేడల మీదకు దూకుతాడు, చేతికి దొరికిందల్లా విసిరేస్తాడు. 70ల చివర్లో అమెరికాలో దిగిన మాలాంటి వాళ్లకు మాత్రం ముందు వినిపించేది పియానో. సీబీఎస్ అనే అమెరికా టీవీ సంస్థలో వచ్చిన 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్' సీరియల్ దాదాపు ప్రతి వారం ఒకేలా ముగిసేది. కోపమొస్తే హల్క్‌గా మారిపోయే డాక్టరు డేవిడ్ బ్యానర్ భుజాన సంచీ తగిలించుకుని రోడ్డు పక్కన నడుస్తూ, లిఫ్ట్ కోసం వచ్చే పోయే కార్లకు బొటనవేలు చూపిస్తుంటాడు. వెనకాల జో హార్నెల్ కట్టిన పియానో ముక్క మొదలవుతుంది. దాని పేరు 'ది లోన్లీ మ్యాన్'. నాలుగు స్వరాలు వినిపించేసరికి గదిలో మాటలు ఆగిపోయేవి.

ఆ సీరియల్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. సూపర్‌హీరోలందరూ శక్తి వచ్చిందని సంబరపడతారు. ఈ డాక్టరు మాత్రం అది ఎప్పుడు వదిలిపోతుందా అని ఊరూరా తిరుగుతాడు. 1977 నవంబరులో వచ్చిన మొదటి టీవీ సినిమాలోనే దీనికి పునాది వేశారు. కారు ప్రమాదంలో డేవిడ్ భార్య లారా మంటల్లో చిక్కుకుంటుంది. కారును ఎత్తి ఆమెను బయటికి లాగడానికి అతని బలం చాలదు. కొంతమంది అలాంటి గడియలో కార్లు ఎత్తేశారు కదా, నేనెందుకు ఎత్తలేకపోయాను అనే ప్రశ్న పట్టుకుని పరిశోధన మొదలుపెడతాడు. ఒక రాత్రి గామా కిరణాలు తన మీదే పెట్టుకుంటాడు, అనుకున్నదానికంటే మోతాదు ఎక్కువైపోతుంది. వానలో కారు టైరు మార్చుకుంటుంటే చెయ్యి దెబ్బ తగిలి కోపం వస్తుంది. ఆ కోపంలో మొదటిసారి హల్క్ బయటికొస్తాడు. అంటే కారు ఎత్తే బలం చివరికి వచ్చింది. కానీ ఎవరి కోసం ఎత్తాలో ఆ మనిషి లేదు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, పెళ్లి ఎపిసోడ్‌కి వచ్చేసరికి అవసరమవుతుంది.

నేను పిట్స్‌బర్గ్ వెళ్లింది 1978 వేసవిలో, రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలో పైశిక్షణకు. అక్కడ ఓక్‌లాండ్ అనే పేటలో ముగ్గురం కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నేను గుంటూరు మెడికల్ కాలేజీ. మిగతా ఇద్దరూ ఇంజనీర్లు. ఒకడిది తెనాలి, ఇంకొకడు వరంగల్ ఆర్‌ఈసీలో చదివినవాడు. ఇద్దరూ తాతలైపోయారు కాబట్టి పేర్లు రాసి వాళ్ల పరువు తీయను. తెనాలి, వరంగల్ అనే అనుకుందాం. అప్పుడు కూడా చాలామంది అలాగే పిలిచేవాళ్లు.

ఇంట్లో టీవీ ఒక చర్చి వాళ్లు పాత సామాను అమ్ముతుంటే కొన్నది. బ్లాక్ అండ్ వైట్. పైన రెండు కొమ్ముల యాంటెనా, దానికి తెనాలి చుట్టిన అల్యూమినియం రేకు. శుక్రవారం రాత్రి సీబీఎస్ వాళ్ల స్థానిక స్టేషన్ కేడీకేఏ, చానల్ 2. ఆ సెప్టెంబరులో ఎనిమిదింటికి వండర్ ఉమన్, తొమ్మిదింటికి హల్క్. నాకు డ్యూటీ లేని శుక్రవారం దొరికితే అది పండగే. తెనాలి వంట, వరంగల్ యాంటెనా పట్టుకుని నిలబడటం, నేను సోఫాలో నిద్రకూ మెలకువకూ మధ్య. మా టీవీలో హల్క్ బూడిద రంగులో ఉండేవాడు. పచ్చగా ఉంటాడని తెలుసు, పత్రికల్లో బొమ్మలు చూశాం. అయినా మాకు అతను బూడిదోడే. చాలా ఏళ్ల తర్వాత చదివాను, 1962లో స్టాన్ లీ, జాక్ కర్బీ తెచ్చిన మొదటి కామిక్ సంచికలో హల్క్ బూడిద రంగులోనే పుట్టాడట. అచ్చులో ఆ రంగు ఒక్కో పేజీలో ఒక్కోలా వస్తుంటే విసిగి రెండో సంచిక నుంచి పచ్చగా మార్చారట. మా టీవీ తనకు తెలియకుండానే సిసలైన హల్క్‌ని చూపించిందన్నమాట.

రంగు మీద ఇంకో గొడవ కూడా నడిచింది. సీరియల్ తయారుచేసిన కెన్నెత్ జాన్సన్‌కి పచ్చ రంగు నచ్చలేదు. కోపానికి రంగు ఎరుపు కదా, ఎర్రగా చేద్దామన్నాడట. స్టాన్ లీ ఒప్పుకోలేదు. కామిక్‌లో బ్యానర్‌కి ఉన్న బ్రూస్ అనే పేరును డేవిడ్‌గా మార్చుకోవడానికి మాత్రం జాన్సన్ ఎవరి మాటా వినలేదు. కామిక్ పుస్తకాలంటే ఆయనకు మొదటి నుంచీ పెద్ద ఇష్టం లేదు. యూనివర్సల్ స్టూడియో వాళ్లు మార్వెల్ కామిక్ పాత్రల్లో ఒకదాన్ని ఎంచుకోమంటే వద్దనబోయి, అప్పుడు చదువుతున్న విక్టర్ హ్యూగో నవల 'లే మిజరబుల్' గుర్తొచ్చి ఆగాడట. తప్పించుకు తిరిగే మంచివాడు, వెంటపడే పట్టుదల మనిషి. హల్క్‌లో ఆ వెంటపడేవాడు పోలీసు కాదు, జాక్ మెగీ అనే పత్రికల మనిషి. 'నేషనల్ రిజిస్టర్' అనే చవకబారు పేపర్లో రాస్తుంటాడు. జాక్ కాల్విన్ ఆ వేషం వేశాడు. చూస్తే కోపం రాదు, జాలి వేస్తుంది. రోడ్ల మీద తిరిగి తిరిగి వాడి సూటు కూడా నలిగిపోయి ఉండేది.

మా ముగ్గురికీ ఆ సీరియల్ ఎందుకంత పట్టిందో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. బ్యానర్ ప్రతి వారం కొత్త ఊరు, కొత్త ఉద్యోగం. ఒక వారం గోడౌన్‌లో మూటలు మోస్తాడు, ఇంకో వారం ఎవరింట్లోనో తోటపని. అంత చదువుకున్న డాక్టరు! ఇంటిపేరు ఎపిసోడ్‌కోసారి మారుస్తాడు, 'బ' అక్షరాన్ని మాత్రం సాధారణంగా వదలడు. మా ఇంటిపేర్ల గతి కూడా అదే. ఆసుపత్రి స్పీకర్లో నన్ను పిలిచే ఆవిడ నా ఇంటిపేరును పూటకో రకంగా పలికేది. మొదటి నెలలో ఎవరినో పిలుస్తున్నారనుకుని ఊరుకునేవాణ్ని.

ఒక ఎపిసోడ్‌లో బ్యానర్ ఫోన్ బూత్‌లో ఇరుక్కుంటాడు. ఆపరేటరు ఇంకొన్ని సెంట్లు వేయమంటుంది. జేబులో చిల్లర లేదు, ఆవిడ వినదు. కోపం కట్టలు తెంచుకుంటుంది, బూత్ ముక్కలవుతుంది. ఇండియాకి ఫోన్ బుక్ చేసి, గంటల తరబడి కాచుకుని, తీరా లైన్ కలిశాక "హలో, హలో, వినపడుతుందా" అంటూనే మూడు నిమిషాలు పోగొట్టుకున్న వాళ్లం మేము. ఆ సీనుకు మా గదిలో పడ్డ చప్పట్లు అంతా ఇంతా కాదు.

చొక్కాల సంగతి సరేసరి. ఎపిసోడ్‌కి రెండుసార్లు హల్క్ రావాలి, అది లెక్క. వచ్చినప్పుడల్లా చొక్కా పేలికలు. ప్యాంటు మాత్రం మోకాళ్ల దాకే చిరిగి మర్యాద కాపాడేది. డౌన్‌టౌన్‌లో గింబెల్స్ అనే పెద్ద షాపుకి వెళ్లి చొక్కాల ధరలు చూసొచ్చిన తెనాలి ఒక రోజు సీరియస్‌గా అడిగాడు.

"వీడికి వారానికి రెండు చొక్కాలు ఎవడు కొనిస్తున్నాడ్రా?"

ఇక 1978 సెప్టెంబరు 22. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్, రెండు గంటలది. పేరు 'మ్యారీడ్'.

ఆ శుక్రవారం మేం మా గదిలో లేం. పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో ఒక తెలుగు డాక్టరు గారింట్లో భోజనానికి పిలిచారు. ఆయన న్యూరాలజిస్టు, మాకంటే పదేళ్లు ముందొచ్చినవారు. శనివారం పొద్దున్నే అందరం పెన్ హిల్స్ గుడికి వెళ్లాలని ఏర్పాటు. అక్కడ వెంకటేశ్వరస్వామి గుడి 1976లో వెలిసింది. అప్పుడు ఆ చుట్టుపక్కల రాష్ట్రాల తెలుగువాళ్లందరికీ అదే తిరుపతి. పెళ్లిళ్లు కాని కుర్రాళ్లం కాబట్టి గుడిలో కుర్చీలు మొయ్యడం, పులిహోర గిన్నెలు దించడం మా వంతు. దానికి అడ్వాన్సుగా శుక్రవారం రాత్రి డాక్టరు గారి భార్య, మా అక్కయ్యగారి చేతి వంట. గోంగూర దొరక్క ఏదో అమెరికా ఆకుతో చేసిన పచ్చడి. అది గోంగూరేనని అందరం ఒట్టేసి తిన్నాం.

డాక్టరు గారింట్లో కలర్ టీవీ. బల్లంత చెక్కపెట్టెలో బిగించిన జెనిత్. పిల్లలిద్దరూ కార్పెట్ మీద బోర్లా పడుకుని హల్క్ కోసం సిద్ధంగా ఉన్నారు. మేం ముగ్గురం అతిథుల్లాగా సోఫా అంచున. "మీరూ చూస్తారా ఈ పచ్చోడి కథ?" అని అక్కయ్యగారు నవ్వారు. అప్పటినుంచి మాకు వాడు పచ్చోడే అయ్యాడు.

కథ హవాయిలో, హొనొలులులో. బ్యానర్ వెతుక్కుంటూ వెళ్లింది కరోలిన్ ఫీల్డ్స్ అనే సైకియాట్రిస్టును. హిప్నాసిస్‌తో రోగాలను అదుపు చేయడంలో ఆవిడకు పేరు. తన లోపలి మృగాన్ని కట్టేయడానికి ఆవిడ సాయం చేస్తుందేమోనని ఆశ. తీరా వెళితే ఆవిడ ప్రాక్టీసు మానేస్తున్నానంటుంది. ఆవిడకే జబ్బు. నరాలను తినేసే జబ్బు, మందు లేదు, చేతిలో ఉన్నవి కొన్ని వారాలు.

కరోలిన్‌గా వేసింది మారియట్ హార్ట్‌లీ. తెర మీదికి రాగానే తెనాలి ఎగిరి కూర్చున్నాడు. "ఈవిడ పోలరాయిడ్ ఆవిడ కదూ!" నిజమే. ఆ రోజుల్లో నటుడు జేమ్స్ గార్నర్‌తో కలిసి పోలరాయిడ్ కెమెరా ప్రకటనల్లో కనిపించేది. ఇద్దరూ ఎంత సహజంగా పోట్లాడుకునేవారంటే నిజం మొగుడూ పెళ్లాలనే అమెరికా వాళ్లు కూడా అనుకునేవారు. ప్రకటనలో చూసి నవ్వుకునే మనిషి చావు గురించి మాట్లాడుతుంటే మొదట అయిదు నిమిషాలు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత ప్రకటన మరిచిపోయాం.

డాక్టరు గారు అప్పటిదాకా పేపరు చదువుకుంటున్నారు. మెగీ తెర మీదికొచ్చేసరికి పేపరు దించి కాసేపు చూశారు. "ఇది మన నాగయ్య గారి 'బీదల పాట్లు' కదటయ్యా! ఆ ఇన్‌స్పెక్టరే వీడు" అన్నారు. 1950 నాటి ఆ సినిమా కూడా హ్యూగో నవలే. జాన్సన్ ఏ పుస్తకం చదివి ఈ సీరియల్ తీశాడో నాకు ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. మన్రోవిల్‌లో సోఫాలో కూర్చుని నాగయ్య గారి పుణ్యాన ఆయన అప్పుడే పట్టేశారు.

హిప్నాసిస్ సీన్లే ఆ ఎపిసోడ్‌కి ప్రాణం. కళ్లు మూసుకుని బ్యానర్ తన మనసులోకి వెళతాడు. అక్కడొక ఎడారి. ఇసుకలో ఎదురుగా హల్క్. ఒకే నటుడు రెండు వేషాలు వేస్తే ఈ సీను రాదు. బ్యానర్ వేసింది బిల్ బిక్స్‌బీ, హల్క్ వేసింది లూ ఫెరిగ్నో. కథ ప్రకారం ఇద్దరూ ఒకే మనిషి కాబట్టి ఒకేసారి తెర మీద ఉండే అవకాశమే లేదు. ఎడారిలో మాత్రం ఎదురెదురుగా నిలబడ్డారు. బ్యానర్ ఊహతో వల తెస్తాడు, పచ్చోడు తెంపేస్తాడు. ఇనుప బోను తెస్తాడు, అదీ నిలవదు. ఫెరిగ్నో ఆరడుగుల అయిదంగుళాల మనిషి, కండల పోటీల నుంచి వచ్చినవాడు. చిన్నప్పుడు చెవిలో చేరిన జబ్బుతో వినికిడి చాలావరకు పోగొట్టుకున్నాడు. మాటలు లేని వేషం కావడంతో మొహంతోనే పని జరగాలి. ఆ మొహంలో కోపం కంటే కంగారే ఎక్కువ. నన్నెందుకు కట్టేస్తున్నావు అన్నట్టు చూస్తాడు. మా బూడిద టీవీలో ఆ కంగారు నాకెప్పుడూ కనపడలేదు.

పిల్లలకు ఇదంతా బోరు. "హల్క్ కొట్టడం లేదేంటి?" అని చిన్నవాడు సణిగాడు. "కొడతాడు ఉండు" అన్నాడు వరంగల్. నిజానికి కొట్టేవి ఒకటి రెండు ఉన్నాయి, ఎప్పటిలాగే కుర్చీలూ బల్లలూ ఎగిరాయి. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

ఇద్దరూ డాక్టర్లే. ఇద్దరూ రోగులే. పగలు ఆవిడ అతని మనసును పరీక్షిస్తుంది, రాత్రి అతను ఆవిడ జబ్బుకు మందు వెతుకుతాడు. ఆ వెతుకులాటలోనే దగ్గరవుతారు, పెళ్లి చేసుకుంటారు. ఎపిసోడ్ పేరే పెళ్లయినప్పుడు పెళ్లి జరగక తప్పదు కదా అనుకున్నాం. అక్కయ్యగారు మాత్రం ఆ పెళ్లి చూస్తూనే డాక్టరు గారి వైపు తిరిగారు.

"ఏమండీ, నిజంగా ఇలాంటి జబ్బుకు మందు లేదా?"

"లేదు."

"ఒక్కటీ లేదా?"

"ఉంటే నేను చెప్పనా?" అన్నారాయన. ఇలాంటి రోగులను ఆయన రోజూ చూస్తారు. ఆ రెండు గంటల్లో తెర మీద ఎవరేం చెప్పినా ఆయన 'ఇది తప్పు, అది తప్పు' అనలేదు. ఆసుపత్రి సీరియల్ ఏదొచ్చినా తప్పులు ఎంచే మనిషి. కొత్త రెసిడెంట్‌గా నాకది వింతగా అనిపించింది.

చివరి భాగంలో గాలివాన వస్తుంది. సముద్రం మీద నుంచి తుఫాను. కొబ్బరిచెట్లు వంగిపోతుంటాయి, తలుపులు ఊడిపోతుంటాయి. జబ్బు ముదిరి మతి స్థిమితం తప్పిన కరోలిన్ ఆ గాలిలోకే బయటికి పరిగెడుతుంది.

ఇక్కడ నేను కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆ ముందు సంవత్సరం 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అప్పటికి నా హౌస్ సర్జన్సీ పూర్తయి గుంటూరులోనే ఉన్నాను. సహాయానికి వెళ్లిన డాక్టర్ల బృందాల్లో ఒకదానితో విజయవాడ మీదుగా అవనిగడ్డ చేరాను. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లు ఊళ్లే లేవు. సర్కారు లెక్కలోనే చచ్చిపోయినవాళ్లు పది వేల చిల్లర, జనం లెక్క అంతకంటే చాలా పెద్దది. మాకిచ్చిన పని కలరా ఇంజెక్షన్లు వెయ్యడం. ఇంజెక్షను చేయడానికి చెయ్యి పట్టుకుంటే, తాటిచెట్టును రాత్రంతా కరుచుకుని బతికిన మనిషి చేతుల మీద చర్మం లేదు. ఇంకా చాలా చూశాను, అవి ఇక్కడ రాయను. దివి గురించి రాసినవాళ్లు రాశారు. నేను చెప్పేదల్లా, ఆ రాత్రి మన్రోవిల్‌లో టీవీలో గాలి హోరు మొదలైనప్పుడు అది నాకు హవాయిలా అనిపించలేదు.

అక్కయ్యగారి పుట్టిల్లు బందరు పక్కన. ఆవిడ మేనత్త వాళ్లు నాగాయలంక వైపు ఉండేవారు. ఆ ఇంటి గురించి ఆవిడ ఎప్పుడూ 'ఉండేవారు' అనే చెప్పేది, అంతకుమించి మేం అడిగేవాళ్లం కాదు. తుఫాను సీను రాగానే డాక్టరు గారు లేచి టీవీ దగ్గరికి వెళ్లి, చానల్ మార్చడానికి చెయ్యి పెట్టారు. "ఉంచండి" అందావిడ.

ఉంచారు. బ్యానర్ ఆ వానలో భార్యను వెతుకుతాడు. ఆమెను చేరుకునే తొందరలో, ఆ నిస్సహాయతలో కళ్లు మారతాయి, పచ్చోడు వస్తాడు. చెట్లు పెకలించగలడు, కార్లు తిరగేయగలడు. ఆమెను చేతుల మీద ఎత్తుకుంటాడు. ఎత్తుకోవడం తప్ప చేసేదేమీ లేదు. గాలిని కొట్టలేడు, ఆమె ఒంట్లో జబ్బును కొట్టలేడు. ఆమె పోతుంది.

కారు ఎత్తలేకపోయానే అన్న దిగులులోంచి పుట్టినవాడు హల్క్. ఈ కథలో బలానికి లోటు లేదు. అయినా లారా పోయినట్టే కరోలిన్ కూడా పోయింది. నడుమ ఎలైనా మార్క్స్ ఉంది, మొదటి సినిమాలో అతని తోటి శాస్త్రవేత్త. ప్రయోగశాల మంటల్లోంచి హల్క్ ఆమెను కూడా చేతుల మీదే తెస్తాడు, ఆమె కూడా బతకదు. దీన్ని ఇంతకంటే విడమరిచి ఎవరూ చెప్పరు, సీరియల్ వాళ్లూ చెప్పలేదు. వారం వారం గోడలు పగలగొట్టించి, మధ్యలో ఒక్క శుక్రవారం ఈ సంగతి చూపించి ఊరుకున్నారు. నాకు ఆ పొదుపు ఇష్టం.

ప్రకటన రాగానే అక్కయ్యగారు ముక్కు చీదుకుని, "అయితే వీడూ మనలాంటోడే" అన్నారు. తర్వాత పిల్లల్ని పడుకోబెట్టడానికి లేచారు. చిన్నవాడు ఎప్పుడో నిద్రపోయాడు. పెద్దది మాత్రం మెలకువగా ఉంది. పచ్చోడికి మళ్లీ పెళ్లి చేస్తారా అని అడిగింది. "వచ్చేవారం చూద్దాంలే" అన్నారు డాక్టరు గారు.

తిరుగు దారిలో స్క్విరల్ హిల్ సొరంగం దాకా ఎవరం మాట్లాడలేదు. సొరంగం దాటాక వరంగల్ మొదలుపెట్టాడు. "పెండ్లి చేసి రెండు గంటల్ల చంపేసుడేందిరా? పెండ్లాముంటే వచ్చేవారం రోడ్డు మీద తిరగనియ్యదని గంతే కదా!" వాడన్నది నూటికి నూరు పాళ్లూ నిజం. టీవీ సీరియల్ హీరోకు పెళ్లాం మిగిలితే కథ ఆగిపోతుంది. అందుకే ఆ కాలపు హీరోలను పెళ్లాడిన ఆడవాళ్లు ఎపిసోడ్ దాటి బతికేవారు కాదు. గుర్రాల మీద తిరిగే హీరోల కథల్లోనూ అంతే. కానీ మామూలుగా ఆ అమ్మాయి ఏ విలన్ తుపాకీకో అడ్డుపడి పోతుంది, హీరోకి పగ తీర్చుకోవడానికి పనికొస్తుంది. ఇక్కడ పగ తీర్చుకోవడానికి విలన్ లేడు. కరోలిన్‌కు తన రోగం తెలుసు, తన గడువు తెలుసు. అయినా బ్యానర్‌కి వైద్యం చేస్తూనే ఉంటుంది. చచ్చిపోయే పాత్రకు చావడం ఒక్కటే పని కాకుండా రాసినందుకు జాన్సన్‌ని మెచ్చుకోవాలి. ఆ ఎపిసోడ్‌కి రాసిందీ తీసిందీ ఆయనే.

మరుసటి ఏడు ఆ వేషానికి మారియట్ హార్ట్‌లీకి అమెరికా టీవీల్లో పెద్దదైన ఎమ్మీ అవార్డు వచ్చింది. డ్రామా సీరియళ్లలో ఉత్తమ నటి. ఒక్క ఎపిసోడ్‌లో కనిపించిన మనిషికి, అదీ పచ్చరంగు పూసుకున్న కండల మనిషి సీరియల్‌లో! తెనాలి మాత్రం, "చెప్పానా, పోలరాయిడ్ ఆవిడ గట్టిదని" అన్నాడు. వాడేమీ చెప్పలేదు.

1979 మొదట్లో హల్క్‌ని ఎనిమిదింటికి మార్చి, వెనకాల డ్యూక్స్ ఆఫ్ హజార్డ్, దాని వెనక డల్లాస్ వేశారు. శుక్రవారం మూడు గంటలు టీవీకి రాసిచ్చేసినట్టే అయింది. ఆ ఏడు పిట్స్‌బర్గ్ ఊరు ఊరంతా ఊగిపోయింది. ఫుట్‌బాల్‌లో మా ఊరి స్టీలర్స్ సూపర్ బౌల్ గెలిచారు, బేస్‌బాల్‌లో పైరేట్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు. ఆ గోలలో కూడా ముగ్గురం హల్క్ మానలేదు. తర్వాత ఒకడి తర్వాత ఒకడికి పెళ్లిళ్లయ్యాయి, నిజం పెళ్లిళ్లు. టీవీలు రంగుల్లోకి మారాయి. 1982లో సీరియల్ ఆపేశారు. బ్యానర్ రోగం కుదిరిందా లేదా చెప్పకుండానే ఆపేశారు. 88 నుంచి 90 దాకా మూడు టీవీ సినిమాలు తీసి, చివరిదానిలో పచ్చోణ్ని చంపేశారు. అవి చూశాను గానీ పెద్దగా గుర్తులేవు.

బిల్ బిక్స్‌బీ గురించి మాత్రం ఒక మాట. హల్క్ గురించి మాట్లాడేవాళ్లందరూ ఫెరిగ్నో కండలు చూస్తారు. సీరియల్‌ని నడిపింది బిక్స్‌బీ. కామిక్ పుస్తకం కథ అని ఒక్కసారి కూడా తేలికగా తీసుకోలేదు. మొహంలో ఎప్పుడూ క్షమాపణ అడుగుతున్నట్టు ఉండేది. ఇంకా షూటింగులు జరుగుతున్న రోజుల్లోనే, 1981లో, ఆరేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతి ఎపిసోడ్లు నేను వేరే కళ్లతో చూశాను. 1993 నవంబరులో క్యాన్సర్‌తో పోయాడు, 59 ఏళ్లకే. ఆ వార్త నాకు ఫోన్ చేసి చెప్పింది మన్రోవిల్ అక్కయ్యగారు. "పచ్చోడి డాక్టరు పోయాడంటయ్యా" అన్నారు.

వరంగల్ ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటాడు, రిటైరయ్యాడు. ఏ ఎపిసోడ్ గొప్పదనే విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు. వాడి ఓటు '747'కి. మొదటి సీజన్‌లోది, మేం ఆ వేసవిలో మళ్లీ వేసినప్పుడు చూశాం. విమానంలో దొంగలు పైలట్లకు మత్తు పెడతారు. చివరికి విమానం దించే బాధ్యత బ్యానర్ మీద పడుతుంది. పక్కన సాయానికి ఉన్న కుర్రాడు బ్రాండన్ క్రూజ్, అంతకుముందు ఇంకో సీరియల్‌లో బిక్స్‌బీ కొడుకుగా వేసినవాడే. సరిగ్గా దిగే గడియలో కాక్‌పిట్‌లో కూర్చుంది పచ్చోడు. విమానం గాల్లో ఉన్న షాట్లు చాలా వరకు 'ఎయిర్‌పోర్ట్ 1975' అనే సినిమాలోంచి ఎత్తుకొచ్చి అతికించినవి. ఆ సంగతి నేను తవ్వి తీసి చెబితే వరంగల్‌కి కోపమొచ్చింది. "అతికిస్తే ఏమైతది, విమానమైతే దిగింది కదా" అన్నాడు.

మొన్న మళ్లీ ఫోన్‌లో ఇదే గొడవ. నేను ఎమ్మీ సంగతి తీశాను, ఎడారి సీను తీశాను, తుఫాను సంగతి కూడా తీశాను. వాడంతా విని చివరికి, "అరేయ్ డాక్టరూ, నీ పెండ్లి ఎపిసోడ్‌కు ఎమ్మీ వస్తే వచ్చింది. మా పచ్చోడు లైసెన్సు లేకుండ విమానం దింపిండు. మీ ఇంజెక్షన్లోళ్లల్ల ఎవడన్న దింపిండా చెప్పు" అన్నాడు. వెనక నుంచి వాళ్లావిడ భోజనానికి పిలుస్తుంటే, జవాబు వచ్చేవారం చెప్పమని ఫోన్ పెట్టేశాడు.